చేయి కొలత

పోయిన ఆషాఢం మొదటి సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, పంజగుట్ట బస్టాపులో నా పక్కన కూర్చున్న దర్జీ తన మెదడు స్కాన్ ఫిల్మును ఎండకెత్తి చూపించాడు.

"పదేండ్లు గంజాయి తాగిన. గీ నుదుటి దిక్కు నెత్తురు తక్కువ పోతుందంట. ఒకప్పుడు కొలతలు రాసుకోకుండనే కుట్టెటోన్నమ్మా!"

"మళ్ళీ సరిగ్గా పారుతుందా?"

"మానేస్తే కొంత రావచ్చన్నడు డాక్టర్. మూడు నెలలాయె మానేసి. జర మూడు కొలతలు చెప్పమ్మా, బస్సొచ్చినంక మల్ల చెప్త."

మా ఆయన చొక్కా కొలతలు చెప్పాను: ఛాతీ నలభై, పొడవు ఇరవై తొమ్మిది, చేయి ఇరవై నాలుగు.

పదకొండు నిమిషాల తర్వాత అమీర్‌పేట బస్సు వచ్చింది. ఫుట్‌బోర్డు మీద నిలబడి, "ఛాతీ నలభై, పొడవు ఇరవై తొమ్మిది..." అంటూ నా ముఖం చూశాడు. మూడోది నేను అందించలేదు. బస్సు కదిలింది.

మూడింట్లో ఒకటి పోయింది.