బోరునీళ్ల మరకలు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు మా ఆయనకు సిమెంటు ఫ్యాక్టరీలో పని దొరికి హుజూర్‌నగర్‌లో ఒక మేడ మీది ఇంటికి కిరాయికి దిగాం. బోరునీళ్లు పట్టినప్పుడు తేటగానే ఉండేవి. రెండు రోజులకే కుళాయి కింద వాష్‌బేసిన్‌లో, కమోడ్‌లో ఎర్రటి తుప్పు చారలు పడేవి. ఆ ఏడే అత్తమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడింది. ఆయన డ్యూటీకి పోతే సాయంత్రం దాకా ఇంట్లో మేమిద్దరమే. ఆమెను వదిలి వీధి చివరి దుకాణానికి పోవాలన్నా నా మనసొప్పేది కాదు. రోజుకు మూడు నాలుగుసార్లు ఆమె బట్టలు ఉతుకుతూ ఆ చారలనే చూసేదాన్ని. ఎంత తోమినా మళ్లీ వచ్చేవి.

ఒకరోజు ఆడబిడ్డ సాయంత్రానికి వస్తానని ఫోన్ చేసింది. అంతకుముందు వచ్చినప్పుడు బాత్‌రూంలోకి తొంగిచూసి ముక్కు మూసుకుంది ఆమె. ఆ ఉక్రోషంతో బాత్‌రూంలో ఆ చారల మీద యాసిడ్ సీసా మొత్తం కుమ్మరించాను. పొగ అత్తమ్మ గదిలోకి పోకూడదని లోపల గడియ పెట్టుకున్నాను. కాసేపటికే గొంతు మండింది, కళ్లు నీళ్లు కారాయి. గడియ లాగితే కదల్లేదు. అదీ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఫోన్ వంటింట్లో ఉంది. బకెట్ బోర్లించి ఎక్కి, జానెడు కిటికీకి మూతి ఆనించి గాలి పీల్చాను.

"అత్తమ్మా! గడియ వస్తలేదు!" అని అరిచాను. అరిచాక గుర్తొచ్చింది, లేవలేని మనిషిని పిలుస్తున్నానని.

తర్వాత టంగుమని ఒక శబ్దం. ఆగకుండా అదే శబ్దం. పనిచేసే ఒక్క చేత్తో స్టీలు గ్లాసు పట్టుకుని ఇనుప మంచాన్ని కొడుతోంది అత్తమ్మ. ఎంతసేపు కొట్టిందో తెలియదు. చివరికి కింద ఉండే ఇంటి యజమానురాలు, మేం ఖాలా అని పిలిచే ముసలామె, పైకి వచ్చింది.

"జర పక్కకు జరుగు బిడ్డా" అని రోకలితో తలుపు మీద నాలుగు దెబ్బలు వేసింది. గడియ మేకులతో సహా ఊడి పడింది.

నాకు నీళ్లు తాగించి, తుప్పు చారలను చూపిస్తూ తిట్టింది. "జంగు మరకలకు గంత యాసిడ్ ఎవలు పొయ్యమన్నరు? నిమ్మరసం, ఉప్పు రాసి గంటసేపు ఇడిసిపెట్టు. పోతది."

"మల్ల వస్తది గదా ఖాలా."

"వస్తది. బోరునీళ్లాయె. మల్ల తోముకో."

ఆమె దిగిపోయాక అత్తమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమె వేళ్లు కమిలిపోయి ఉన్నాయి. మాట ముద్దగా వచ్చేది, అయినా అర్థమైంది.

"భయమైందా?"

"అయింది అత్తమ్మా."

"నాకు రోజూ గట్లనే ఉంటది బిడ్డా."

ఏడాదిగా ఆమెకు అన్నం తినిపించాను, తల దువ్వాను. ఎట్లా ఉందని ఒక్కసారీ అడగలేదు. ఆ నాలుగు గోడల మధ్య చిక్కుకున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను.

సాయంత్రం ఆడబిడ్డ వచ్చింది. ఊడిన గడియ చూసి ఏదో అనబోయి, తల్లి వేళ్లు చూసి ఆగిపోయింది. ఇద్దరం కలిసి మంచాన్ని రోడ్డు కనిపించే వరండాలోకి జరిపాం. వడ్ల లారీలు పోతుంటే అత్తమ్మ చీకటి పడేదాకా చూస్తూ పడుకుంది. నాకు మరునాటి నుంచి మళ్లీ అదే ఇల్లు, అవే పనులు. కాకపోతే పని మధ్యలో ఆమె పక్కన కాసేపు కూర్చోవడం అలవాటైంది.