తిరుత్తణిలో సమరయ బావి

సినిమా జనాన్ని సంస్కరించగలదా అన్న విషయం మీద మా కళాశాలలో చర్చ జరిగినప్పుడు నేను కాదన్న పక్షాన మాట్లాడాను. ఎదుటి పక్షాన మాట్లాడిన సహాధ్యాయి, ఓడిన కోపంలో, చూడకుండా ఖండించడం ఏ తర్కమని నన్ను అడిగాడు. ప్రశ్న న్యాయమైనదే. అతని మేనమామ ఒక చిన్న టాకీ కంపెనీకి మేనేజరు. ఆ కంపెనీ బైబిలు కథలను వీలైనంత చవకలో చిత్రాలుగా తీస్తున్నది. ఆ వేసవిలో తిరుత్తణి దగ్గరి ఒక పల్లెలో చిత్రీకరణ ఉందని తెలిసి బయలుదేరాను.

ఉదయం ఆరున్నరకు మద్రాసు సెంట్రలులో మూడో తరగతి టిక్కెట్టు కొని ప్యాసింజరు ఎక్కాను. ఎనిమిదికి తిరువళ్లూరులో దిగాను. కంపెనీ బస కోవెల వీధిలోని ఒక సత్రం. తీస్తున్నది పురాణ చిత్రమని చెప్పి గదులు సంపాదించారట. ఆ మాట నిలబెట్టడానికి యేసు శిష్యుల వేషాలు వేసే పన్నెండుమందీ నామాలు దిద్దుకుని వరుసగా కూర్చుని ఇడ్డెన్లు తింటున్నారు. యేసు ప్రభువు పాత్ర వేసే నాయకుడు అంతకు ముందు వసిష్ఠుడి వేషంలో పేరు పొందినవాడు. గడ్డం కూడా వసిష్ఠుడిదే. కొత్త గడ్డానికి డబ్బు దండగ అని మేనేజరు నాకు వివరించాడు.

ఇడ్డెన్లు బాగున్నాయి. చట్నీ మాత్రం అడిగినవారికే వేస్తారు.

అందరమూ కలిసి తర్వాతి బండిలో అరక్కోణం చేరి, అక్కడ తిరుత్తణి బండికి మారాము. నా పక్కన ఒక ముసలాయన ఒడిలో కావడి పెట్టుకుని కూర్చున్నాడు. పెట్టెలూ గడ్డాలూ చూసి, "ఏ సామి పిక్చరు తీస్తాండారు నాయనా?" అని అడిగాడు. యేసు సామిదన్నాను. ఆయన కావడి సర్దుకుని, "ఆ సామికి కొండ ఉందా?" అన్నాడు. ఉందన్నాను. "అట్లయితే మంచి సామే," అని తృప్తిపడ్డాడు. ఆ రోజు నేను విన్న మతచర్చల్లో ఇంతకన్న సూటిగా ముగిసింది మరొకటి లేదు.

తిరుత్తణి నుంచి ఎద్దుబండి మీద గంట ప్రయాణం. ఆ పల్లెలో భూములన్నీ ఒక నాయుడు గారివి. చిత్రీకరణకు కుదిర్చిన బావి కూడా ఆయనదే. తీయవలసిన ఘట్టం సమరయ స్త్రీది. అంటరానిదానిగా చూసే జాతి ఆడమనిషిని ప్రభువు బావి దగ్గర దాహానికి నీళ్లడుగుతాడు, ఆమె ఆశ్చర్యపోతుంది. ఆ వేషం వేయవలసిన మద్రాసు నటి ఎక్కువ జీతానికి ఒక ద్రౌపది వేషం ఒప్పుకుని రావడం మానేసింది. అందుకని గుంపులో నిలబడడానికి ఊరి బయటి అంటరానివాళ్ల వాడ అయిన చేరి నుంచి పిలిపించిన క్రైస్తవ కూలిమనుషుల్లో గొంతు గట్టిగా ఉన్న రూతమ్మను మేనేజరు ఎంపిక చేశాడు.

కెమెరాకు కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, రాహుకాలం పోయేదాకా ప్రభువును ఎండలో నిలబెట్టారు. ఆ తర్వాత అసలు చిక్కు వచ్చింది. ఆ బావిలో చేరివాళ్లు చేద వేయకూడదు. చేరి బావి ఎండిపోయి నెల దాటింది. వాళ్లు ఏటి ఇసుకలో చెలమలు తవ్వుకుని బతుకుతున్నారు. మేనేజరు రూతమ్మ చేతికి ఖాళీ కడవ ఇచ్చి, నీళ్లున్నట్టు నటించమన్నాడు.

ఆమె కడవ కింద పెట్టింది.

"నీళ్లు లేని కడవ నేనెత్తను సామీ. మా పిల్లోళ్లు చూస్తాండారు. బావి కాడ నిలబడి ఉత్తకడవ మోస్తే నగుతారు."

కూలి పెంచుతామన్నారు, ఆమె వినలేదు. ఎండ వాలితే ఆ రోజు వృథా అని కెమెరా మనిషి గొణిగాడు. నాయుడు గారి ఎడ్లనూ మేడనూ తెర మీద చూపిస్తామని మేనేజరు మాట ఇచ్చి ఉన్నాడు. తెరమీది మేడ కోసం నాయుడు గారు కొంత మెత్తబడ్డారు. "తోడనీ. ఇది నాటకం. నాటకానికి అంటు లేదు," అన్నారు.

నేను కళాశాల చర్చల అలవాటు చొప్పున లేచి, రిహార్సలు కూడా నాటకమే కదా అని వినయంగా అడిగాను.

"రిహార్సలైతే ఏమి, అసలైతే ఏమి, అంతా నాటకమే గదబ్బా," అన్నారాయన, నలుగురూ వినేట్టు.

రూతమ్మ నా వైపు ఒకసారి చూసింది. తర్వాత చేరి దిక్కుకు తిరిగి, ఏ నటికీ చేతకాని గొంతుతో పిలిచింది: "కడవలెత్తుకుని రండే! రిహార్సలంట!"

కథలో ఆ స్త్రీ పరుగున పోయి ఊరి జనాన్ని పిలుచుకు వస్తుంది కనుక, ఉచితంగా గుంపు దొరికిందని మేనేజరు సంతోషించాడు. ఆడవాళ్లు కడవలతో, తప్పేలలతో, కిరసనాయిలు డబ్బాలతో వచ్చారు. ఒక్కొక్కరూ చేద వేసి, తోడి, నింపుకుని, నటనలో లోపం ఉందని తామే తీర్పు చెప్పుకుని మళ్లీ వచ్చారు. ఫిల్ము ఖర్చు కాకుండా కెమెరాకు నల్లగుడ్డ కప్పి ఉంచారు. గిలక మాత్రం ఆగకుండా అరిచింది. నాయుడు గారు కర్రతో నేల పొడుస్తూ, "ఇంకా ఎన్ని రిహార్సళ్లయ్యా?" అని రెండుసార్లు అడిగారు. అన్నమాట వెనక్కి తీసుకోవడానికి అంతమంది ఎదుట ఆయనకు నోరు రాలేదు.

నాలుగు దాటాక ఘట్టం ఒక్కసారి తీశారు. కొబ్బరిచెట్టు వెనక దాచిన హార్మోనియం మోగింది. ప్రభువు మోహన రాగంలో ఒక పద్యం పాడి, దోసిలి పట్టాడు. రూతమ్మ నీళ్లు పోసింది. ఆయన గొంతు కదిలింది, నీళ్లన్నీ మణికట్ల మీదుగా నేలకు జారాయి. దర్శకుడు బాగుందన్నాడు.

మర్నాడు బావి నీళ్లన్నీ తోడించి శుద్ధి చేయిస్తానని నాయుడు గారు ప్రకటించారు. నాటకానికి అంటు లేనప్పుడు శుద్ధి ఎందుకని అడిగాను. ఆయన నన్ను కాఫీకి పిలవలేదు. బండెక్కబోతుంటే రూతమ్మ నా కూజా అడిగి తీసుకుని, తన కడవలోంచి నింపి ఇచ్చింది. "శుద్ధి రేపు గదయ్యా. ఈ పొద్దు మేము కడుపునిండా తాగుతాము," అంది.

సాయంత్రం తిరుత్తణి స్టేషనులో నీళ్లు పోసే మనిషి కుండ ఒట్టిది. బండి కదిలిన కాసేపటికి, గడ్డం పీకిన చోటల్లా ఎర్రగా కందిపోయిన ముఖంతో నాయకుడు నన్ను నీళ్లడిగాడు. కూజాలో ఉన్నాయన్నాను. ఎవరి చేతి నీళ్లో కూడా చెప్పాను, దాచి ఇవ్వడం మోసం కనుక. నాయకుడు చుట్టూ చూశాడు. శిష్యులందరూ జోగుతున్నారని రూఢి చేసుకుని, కూజా ఎత్తి గుక్క తిప్పుకోకుండా తాగాడు.

"ఎవరితోనూ అనొద్దు తమ్ముడూ. వచ్చే నెల నాకు విశ్వామిత్ర వేషం ఉంది."

నేను మాటివ్వలేదు.

మద్రాసు చేరేసరికి తొమ్మిది. ఆ చిత్రం వస్తే చూడబోయేవారికి ఒక సంగతి చెప్పాలి. తెర మీద ఆయన తాగుతూ కనిపించే నీళ్లు ఆయన తాగలేదు. తాగిన నీళ్లు ఏ తెర మీదా కనిపించవు. చిత్రం దేశానికి ఏమిస్తుందో కాలమే చెప్పాలి. గుడ్డ కప్పిన కెమెరా ముందు జరిగిన రిహార్సలు మాత్రం ఆ చేరిలో ప్రతి ఇంటికీ రెండు పూటల నీళ్లిచ్చింది.