అవును అన్న తర్వాతే గడియారం

"గడియారం ఎందుకు నొక్కావు, నరసమ్మా?"

"ఏలు జారిపోయింది సార్."

"అలాగా. సరే, గంట బీరువాలో పెట్టెయ్."

త్రివేది సార్‌కూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. మాట్లాడుకున్నది హిందీలో, ఇక్కడ నా తెలుగులో చెబుతున్నాను. ఆయన స్కూటర్ మూడో కిక్కుకు స్టార్టయింది. గేటు దాటి ఎండలో కలిసిపోయారు. నా వేలు జారలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసని నాకూ తెలుసు.

ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘం సంచిక కోసం ఉద్యోగ జ్ఞాపకాలు చెప్పమన్నారు. ప్యూను పని చేసినదానికి ఏం జ్ఞాపకాలుంటాయి అనుకున్నాను. ఒకటుంది. నేను చెబుతుంటే మా అన్న కూతురు సుజాత రాస్తోంది.

2002 జులైలో, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన రెండో ఏట, రాయపూర్‌లో ఒక కాలేజీలో భృత్యగా చేరాను. ప్యూనును ఇక్కడి కాగితాల్లో భృత్య అంటారు. మా ఆయన అప్పారావు అదే కాలేజీలో, రాజనీతి శాస్త్రం విభాగంలో భృత్య. ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. దాన్ని కారుణ్య నియామకం అంటారు. మాది బొబ్బిలి వైపు. నాకు వచ్చిన చదువల్లా అంకెలు, హాజరు పట్టీలో పెట్టడానికి హిందీలో నా పేరు.

గదులు తెరవడం, ఫైళ్లు మోయడం, సార్లకు నీళ్లివ్వడం రోజూ ఉండే పని. ఏడాదికొక్కసారి మాత్రం నాకు స్టేజీ మీద కుర్చీ వేసేవారు. దసరా సెలవులు అయ్యాక కాలేజీలో వాద వివాద పోటీ జరిగేది. దానికి టైమ్‌కీపర్‌ను నేను. అంతకుముందు మా ఆయన. ఒక చేతిలో స్టాప్‌వాచ్, ముందు బల్ల మీద ఇత్తడి గంట. నాలుగు నిమిషాలకు ఒకసారి కొట్టాలి, ముగించుకోమని. అయిదు నిమిషాలకు రెండుసార్లు కొట్టాలి, కూర్చోమని. గంట కొట్టాక ఎంత గొప్పగా మాట్లాడుతున్నవాడైనా కూర్చోవలసిందే. గడియారం విషయంలో టైమ్‌కీపర్ మాటే చివరి మాట, దాన్ని ప్రిన్సిపాల్ కూడా మార్చకూడదు. ఈ నియమం రాసింది త్రివేది సారే. రాజనీతి శాస్త్రానికి పెద్ద ఆయన, పోటీకి అధ్యక్షుడూ ఆయనే.

ఆయన రాసిన మరో నియమం వేరే ఏ కాలేజీలోనూ లేదనేవారు. ఎదుటి పక్షానికి జవాబు చెప్పడానికి లేచినవాడు ముందుగా ఎదుటి మనిషి ఏమన్నాడో తన మాటల్లో చెప్పాలి. ఆ ఎదుటి మనిషి "అవును, నేనన్నది ఇదే" అనాలి. ఆ అవును వినిపించాకే నేను గడియారం నొక్కాలి. కాదంటే ఇంకోసారి చెప్పాలి. మూడుసార్లకూ అవును రాకపోతే జవాబు చెప్పే హక్కు పోయినట్టే, కూర్చోవాలి.

ఆ అవును కోసం ఎదురుచూసే క్షణం నాకు చాలా ఇష్టంగా ఉండేది. మధ్యాహ్నం మూడింటికి హాలు పడమటి కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడేది. ఫ్యాన్ల నీడలు పిల్లల తలల మీదుగా తిరిగేవి. వెంటిలేటర్లో పావురాలు. అంతమంది ఉన్నా ఒక్క చప్పుడుండదు. ఒక మనిషి తన మాటను ఇంకొకరి నోట వింటూ, తనదేనా అని చూసుకుంటూ ఉంటాడు. నూతిలోకి వంగి నీడ చూసుకుంటున్నట్టుండేది. తర్వాత "అవును" అనేవాడు. నేను నొక్కేదాన్ని. పద్నాలుగేళ్లు అలాగే నొక్కాను.

పదిహేనో ఏడు అమెరికాలో ఎన్నికలు. ఆ గొడవంతా పిల్లల ఫోన్లలో కనిపించేది. త్రివేది సార్ ఆ ఏటి అంశం దాని మీదే పెట్టారు. దేశాన్ని నడిపేవాడికి చదువుకన్నా ధైర్యం ముఖ్యమా, కాదా? పోటీకి ముందురోజు హాల్లో నేను కుర్చీలు తుడుస్తుంటే ఆయన కూర్చుని ఎప్పటి సంగతో చెప్పుకొచ్చారు. అమెరికాలో ఒకప్పుడు ఇద్దరు నాయకులు ఊరూరా మైదానాల్లో నిలబడి వాదించుకునేవారట. ఒకాయన గంట మాట్లాడితే రెండో ఆయన గంటన్నర మాట్లాడేవాడట. జనం బండ్లు కట్టుకుని వచ్చి, తిండి తెచ్చుకుని, మూడేసి గంటలు కదలకుండా వినేవారట.

అమెరికా ఎలా ఉంటుందో నాకేం తెలుసు? నా కళ్లకు మా ఊరి బయట మందిర్ హసౌద్ దాటాక రోడ్డు పక్కనుండే ఖాళీ పొలం కనిపించింది. కోతలైపోయిన పొలం. ఆడవాళ్లు ఒళ్లో పిల్లలను పడుకోబెట్టుకుని కూర్చున్నారు. ఎడ్లు కూడా చెవులు వాల్చి వింటున్నాయి. పొడుగాటి మనుషులిద్దరు, వాళ్ల పక్కన చేతిలో గడియారంతో ఒక ఆడమనిషి. ఆమె మొహం చూద్దామనుకున్నాను, అటు తిరిగి ఉంది. గుడ్డ చేతిలోనే పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో! సార్ లేచి వెళ్లింది కూడా చూడలేదు.

ఆ కల చెడగొట్టింది గౌరవ్. ఎమ్మే చదివేవాడు, మాటకారి, ప్రతి ఏడూ వాడే గెలిచేవాడు. ఇప్పటి అమెరికా చూడు నరసమ్మా బాయి అంటూ ఫోన్ చూపించాడు. ఇద్దరు ఒకరి మాట మీద ఒకరు పడి అరుస్తున్నారు. మధ్యలో కూర్చున్న పెద్దమనిషి చేతులు జోడించినంత పని చేస్తున్నాడు.

"గంట ఎవుడు కొడతాడు, నాయినా?" అన్నాను.

"కొట్టినా అక్కడ ఎవరూ ఆగరు, బాయి. ఆగినవాడు ఓడిపోతాడు," అని నవ్వాడు.

మర్నాడు హాలు నిండిపోయింది. ముఖ్య అతిథిగా ఊళ్లో ఒక నాయకుడిని పిలిచారు. ఆయన వెంట వచ్చినవాళ్లు గోడల వెంబడి నిలబడ్డారు. చదువే ముఖ్యమనే పక్షం నుంచి దుర్గేశ్వరి అనే అమ్మాయి లేచింది. బీఏ ఆఖరి ఏడు, రోజూ తిల్దా నుంచి లోకల్ రైల్లో వచ్చేది. నన్ను దాయీ అని పిలిచేది. ఛత్తీస్‌గఢీలో అమ్మ అని. గెలిచినవాళ్లకు రాష్ట్రస్థాయి పోటీకి వెళ్లే అవకాశం ఉండేది. ఆ అమ్మాయికి అదే చివరి అవకాశం. పై ఏడుకు కాలేజీలో ఉండదు.

ఆమె చెప్పింది నాకింకా గుర్తే. "మా నాన్న బియ్యం మిల్లులో బాయిలర్ దగ్గర పని చేస్తాడు. చదువుకోలేదు. ధైర్యానికి తక్కువ లేదు. కానీ ఆవిరి మీటరులో ముల్లు ఎర్రగీత దాటితే తన ధైర్యం చూపించడు, తెలిసినవాణ్ని పిలుస్తాడు. నాకు తెలీదు, నువ్వు చెప్పు అనడానికి కావలసిన ధైర్యమే అన్నిటికన్నా పెద్దది. అమెరికా అయినా, మా మిల్లయినా, బాయిలర్ ఒకటే." నాకు అంతా అర్థమైంది. బాగా చెప్పిందనుకున్నాను కూడా.

జవాబుకు గౌరవ్ లేచాడు. "చదువుకోనివాళ్లు దేశానికి పనికిరారని ఈమె అంటోంది," అన్నాడు. దుర్గేశ్వరి తల అడ్డంగా ఊపింది, నేనది అనలేదని. హాల్లో నవ్వులు. "చదువుకున్నవాళ్లకే ధైర్యం ఉంటుందని అంటోంది." మళ్లీ కాదంది. వెనక నుంచి ఎవడో "అరే, గడియారం నడిపించండ్రా, సాయంత్రం అయిపోతోంది!" అని కేక వేశాడు. ముఖ్య అతిథి నవ్వుతూ, కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపాడు. త్రివేది సార్ కదల్లేదు. మూడోసారి మిగిలి ఉంది.

గౌరవ్ ఆమెను వదిలేసి నా వైపు తిరిగాడు. మైకు చేత్తో పట్టుకుని, "మన నరసమ్మ బాయిని చూడండి. బడికి పోలేదు. పద్నాలుగేళ్లుగా ఈ సభను నడిపిస్తున్నది ఎవరు? ప్రొఫెసర్లా? ఈ తల్లి! ఈ మేడమ్ లెక్కలో ఈ తల్లికి స్టేజీ మీద చోటు లేదు! అంతేనా, కాదా?" అన్నాడు.

చప్పట్లు మొదలయ్యాయి. గోడల వెంబడి ఉన్నవాళ్లు "నరసమ్మా! నరసమ్మా!" అంటూ కాళ్లతో తాళం వేశారు. మైకులో నా పేరు ఎన్నడూ వినలేదు నేను. లౌడ్‌స్పీకర్లలోంచి వస్తుంటే నాది కాదు, నాకంటే పెద్ద మనిషిది ఎవరిదో అనిపించింది. ఆ మనిషి నాలోకి వచ్చి కూర్చున్నట్టుంది. ఒళ్లు తేలికైపోయింది. పావురాలు లేచి ఫ్యాన్ల మధ్య తిరిగాయి. దుర్గేశ్వరి పెదవులు కదలడం చూశాను. కాదనే అంటోంది. ఆ క్షణాన ఆ పిల్ల నాకు పొగరుబోతులా కనిపించింది. బాయిలర్ మాట, వాళ్ల నాన్న మాట తలలో లేవు. చూస్తూ చూస్తూ, తెలిసి తెలిసి, బొటనవేలితో నొక్కాను.

గౌరవ్ మాట్లాడాడు. ఆమెను పుస్తకాల రాణి అన్నాడు, బాయిలర్‌లో పుస్తకాలు వేస్తే అన్నం ఉడకదన్నాడు. జనం పడి పడి నవ్వారు. నాలుగు నిమిషాలకు గంట కొట్టాను. అయిదుకు రెండుసార్లు కొట్టాను. ఆగలేదు. ఇంకా గట్టిగా కొట్టాను. నా గంట నాకే వినిపించలేదు. పద్నాలుగేళ్లలో మొదటిసారి ఒక మనిషి దాన్ని దాటుకుంటూ ఎనిమిది నిమిషాలు మాట్లాడాడు. గెలిచాడు.

నియమం ప్రకారం అభ్యంతరం ఉంటే అరగంటలో రాసివ్వాలి. దుర్గేశ్వరి కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని నిలబడే రాసింది. గడియారం మీద ఫిర్యాదు కాబట్టి టైమ్‌కీపర్ వాంగ్మూలం తీసుకోవాలి. ప్రిన్సిపాల్ నన్ను బడే బాబు గదికి పంపారు. బడే బాబు అంటే హెడ్ క్లర్కు. మంచివాడే, నా పింఛను కాగితాలన్నీ ఆయనే చూశాడు.

"కూర్చో, టీ తాగు. ఈ రోజు నువ్వు హీరోయిన్‌వి," అన్నాడు. "ఈ తకరారు నీకెందుకు? కావాలని నొక్కానంటే మెమో ఇవ్వాలి. వేలు జారింది, అంతే కదా?"

"అంతే బాబూ," అన్నాను.

ఆయన రాశాడు. వేలు జారడానికి ఒక్క ముక్క చాలు. కాగితం నిండిపోయింది.

"ఇంత ఏటి రాసినారు, బాబూ?"

"సర్కారు భాష, నరసమ్మా. పొడుగ్గానే ఉంటుంది."

నవ్వాను. సంతకం పెట్టాను.

మర్నాడు ఫిర్యాదు కొట్టేశారని నోటీసు బోర్డు మీద పెట్టారు. దాని కింద నా వాంగ్మూలం. దుర్గేశ్వరి నన్ను అక్కడికి పిలిచి వేలు పెట్టి చదివి వినిపించింది. మూడోసారి విపక్ష వక్త అవునన్నదనీ, టైమ్‌కీపర్ తన చెవులతో విన్నదనీ, ఆ తర్వాతే గడియారం నొక్కిందనీ ఉంది. వేలు జారిన మాటే లేదు.

"దాయీ, నేను అవునన్నానా?"

"లేదమ్మా."

"మరి రాసిందెవరు?"

సంతకం నాది. ప్రిన్సిపాల్ గదికి ఇరవై అడుగులు. వెళ్లి, ఇది నేను చెప్పింది కాదు అనవచ్చు. అప్పుడు ఎందుకు నొక్కావని అడుగుతారు. మెమో వస్తుంది. మెమో భయం కొంత, చప్పట్ల కోసం నొక్కానని నోటితో చెప్పలేని సిగ్గు ఎక్కువ. ఆ అమ్మాయి రైలు టైమయిందని వెళ్లిపోయింది. పరీక్షలు రాసింది, పాసయింది. పోటీలవైపు మళ్లీ రాలేదు.

త్రివేది సార్‌కు నిజం తెలుసు. స్టేజీ మీద నాకు మూడు గజాల దూరంలో ఉన్నారు. కానీ టైమ్‌కీపర్ మాటే చివరి మాట అని రాసింది ఆయనే. నా మాటను తోసేస్తే ఆయన తన నియమాన్నే తోసేసినట్టు. ఆయన అది చెయ్యలేదు. జూన్‌లో రిటైరయ్యారు. వెళ్లే రోజున అడిగారు. ఆ రోజు కూడా నేను జారిందనే చెప్పాను.

మరుసటి ఏడు ఆ నియమం తీసేశారు, గొడవలకు దారి తీస్తోందని. రెండేళ్లకు గంట బదులు కరెంటు బజర్ వచ్చింది. తర్వాత రెండో పక్షమే లేకుండా పోయింది. ఒక్కొక్కరు వచ్చి ప్రసంగం చేసి వెళ్లడమే. వినేవాళ్లు తమవాడికి చప్పట్లు కొట్టి లేచిపోయేవారు. నేను రిటైరయ్యేదాకా నీళ్ల గ్లాసులు పెట్టాను. మధ్యాహ్నం వేళ ఖాళీ హాల్లో ఎప్పుడైనా ఆ పొలం కనిపించేది. ఎడ్లు, బండ్లు అలాగే ఉండేవి. మనుషులు ఉండేవారు కాదు.

సుజాత ఇక్కడ కలం ఆపి, "పశ్చాత్తాపంతో కుమిలిపోయానని రాయనా, అత్తా?" అంది. వద్దన్నాను. నేను కుమిలిపోలేదు. పని చేసుకున్నాను, జీతం తీసుకున్నాను.

నేర్చుకున్నది ఇది. చదువురాని మనిషిని పొగిడి చదువును తిట్టేవాడు ఆ మనిషి వేలు కోసం వస్తాడు. వాడికి పని అయ్యేదాకా మన పేరు మోగుతుంది. ఎదుటివాళ్లు అన్నది అన్నట్టుగా విన్నామా లేదా అన్నది చప్పట్లలో తెలియదు. అది తేలేదాకా వేలు ఆపి ఉంచాలి. నా ఉద్యోగం మొత్తం అదే. ఆ ఒక్కసారి చెయ్యలేదు.

అయింది సుజీ. కింద నా పేరు ఇప్పుడే రాయకు. మొదట్నుంచి సదువు. మెల్లగా సదువు. నానన్నది కానిది ఎక్కడైనా ఉంటే ఆపుతాను.