రైఫిల్‌ని మోసే చెయ్యి

మా వీధి చివర దర్జీ తన కుట్టుమిషనుకు నూనె వేసినప్పుడల్లా, ఆ పలచని ఇనుప వాసన నన్ను కొత్తపేటలోని మా పాత ఇంటి డాబా మీదికి, నేను తొమ్మిదో తరగతి చదువుతున్న దసరా రోజుల్లోకి తీసుకుపోతుంది.

అప్పటికి పండ్ల మార్కెట్టు ఇంకా మా దగ్గరే ఉండేది. గాలి ఇటు తిరిగితే చాలు, బత్తాయిల వాసన, వాటి కింద పరిచిన గడ్డి వాసన, కుళ్లిన తొక్కల పులుపు కలగలిసి వంటింట్లోకి వచ్చేవి. ప్రత్యేక తెలంగాణ కోసం జనం పనులు మానేసిన కాలం. బడులు మూతపడ్డాయి, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, హయత్‌నగర్ డిపోలో బస్సులు దుమ్ముపట్టి నిలబడ్డాయి. అదే డిపోలో కండక్టరైన నాన్న పొద్దున్నే మెడలో ఉద్యమ కండువా వేసుకుని ఎల్బీనగర్ చౌరస్తాకు ధర్నాకు వెళ్లేవాడు. అమ్మ తంగేడు, గునుగు పూలతో బతుకమ్మను పేర్చి, రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపి మలీద ముద్దలు చేసేది.

పై వాటాలో సుగుణ టీచర్, ఆమె భర్త కిరాయికి ఉండేవారు. బాపట్ల దగ్గర పల్లె వాళ్లది. మా బడిలో ఆటలు నేర్పే ఆమెకు కాలేజీ రోజుల నాటి, కుట్టుమిషను నూనెతో తుడుచుకునే ఎయిర్ రైఫిల్ ఒకటుండేది. మందుగుండుతో పని లేదు. లోపలి స్ప్రింగు ఒత్తిడికి శనగగింజంత సీసపు గుండు దూసుకుపోతుంది. బడుల పోటీలకు నన్ను తయారుచేయాలని ఆమె పట్టుదల. సెలవులు కలిసొచ్చాయి. డాబా ఆ చివర ఇసుక బస్తా నిలబెట్టి, దానికి నల్లచుక్క కాగితం అంటించి, ఈ చివర నన్ను నిలబెట్టేవారు.

నాకు వచ్చిన చిక్కల్లా పట్టుతోనే. తుపాకీ అనగానే గట్టిగా బిగించి పట్టేదాన్ని. బిగించిన కొద్దీ చేతిలోని నరాల అదురు గొట్టం చివరికి పాకి, చుక్క కళ్లముందు ఈదులాడేది. పైగా ఆ స్ప్రింగు తుపాకీని బిగిస్తే అది ఎదురు తిరిగి గుండును పక్కకు నెడుతుంది. టీచర్ నా ఎడమ మోచేతిని నడుముకు ఆనించి, అరచేతిని తెరిపించి, దాని మీద రైఫిల్‌ను ఊరికే పెట్టేవారు. కుడిచేతి మూడు వేళ్లు మాత్రం తుపాకీ వెనక మడమను మెత్తగా భుజపు గుంటలోకి లాగాలి, బొటనవేలు నొక్కకూడదు, చూపుడువేలి కొస ఒక్కటే, మిగతా చేతికి తెలియకుండా, ట్రిగ్గర్ మీటను వెనక్కి తీసుకోవాలి. చెంప తుపాకీ కర్రకు ఆనాలి, సగం ఊపిరి వదిలి ఆగాలి. నాకు అన్నీ అర్థమయ్యేవి, ఎడమ చెయ్యి మాత్రం మాట వినేది కాదు.

ఆ రోజుల్లోనే, ఆంధ్రా వాళ్లు వెళ్లిపోవాలన్న నినాదాలు మా వీధిలోనూ వినబడ్డాయి. టీచర్ భర్త భయపడ్డాడు. పండగ వెళ్లగానే ఇల్లు ఖాళీ చేస్తామని టీచర్ మా అమ్మతో నెమ్మదిగా చెప్పారట. నాన్న ఆ మాట విని అన్నం సగంలో వదిలి లేచాడు.

రెండ్రోజుల తర్వాత పొద్దున పోలీసు జీపు వచ్చింది. సమ్మె చేస్తున్న కండక్టరు ఇంటి డాబా మీద తుపాకీ కాల్చడం నేర్పుతున్నారని ఎవరో ఫోన్ చేశారట. ఎస్సై నాన్నను జీపెక్కమన్నాడు. కండువా చూశాక ఆయనకిక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. నాన్న, అది ఆట తుపాకీ అని చెప్పబోతే వినలేదు. అప్పుడు టీచర్ మెట్లు దిగి వచ్చారు.

“రైఫిల్ నాదండీ. పిల్లకి నేర్పేది కూడా నేనే. ఈయనకి దాన్ని ఎటుపట్టుకోవాలో కూడా తెలీదు.”

ఆమె మాటతీరు విని ఎస్సై ఆగాడు. “మీదేవూరు? ఈయన దిక్కు నుంచి మీరు మాట్లాడుతున్నరా?”

“నేనుండేది ఈయనింట్లోనేనండీ.”

నిజంగా ఆటే అయితే పిల్ల చేత గురి కొట్టించి చూపించమన్నాడు ఎస్సై. నాన్న తప్ప అందరం డాబా ఎక్కాం. చుట్టుపక్కల డాబాల మీద జనం. కింద జీపు పక్కన నిలబడ్డ నాన్న కనిపిస్తున్నాడు. నా వేళ్లు కర్ర చుట్టూ బిగుసుకున్నాయి. టీచర్ దగ్గరికి రాలేదు, దూరం నుంచే అన్నారు:

“పట్టుకోకమ్మా. మొయ్యి, అంతే.”

చెయ్యి తెరుచుకుంది. అంతవరకూ ఈదులాడిన చుక్క నిలిచింది. వరసగా కొట్టిన గుండ్లన్నీ రూపాయి బిళ్లంత మేర దగ్గర దగ్గరగా పడ్డాయి. ఎస్సై కాగితం చూసి, రైఫిల్‌ను మాత్రం ఊరు సద్దుమణిగేదాకా స్టేషన్లో ఉంచుతానని తీసుకుపోయాడు. నాన్నను వదిలేశాడు.

ఆ సాయంత్రం నాన్న మొదటిసారి పై వాటా గుమ్మం దాకా వెళ్లాడు. “మేడమ్, ఖాళీ చేస్తమన్నరట. మా ఇంట్ల ఉన్నన్ని దినాలు మీకేం గాదు. జర ఆలోచించుండ్రి,” అన్నాడు. ఆమె మర్నాడు వడ్రంగిని పిలిపించి కిటికీలకు కొత్త దోమతెరలు కొట్టించారు.

సమ్మె ముగిశాక రైఫిల్ తిరిగొచ్చింది. పోటీల్లో నాకు బహుమతేమీ రాలేదు. ఇంటర్‌లో చేరాక ఆట కూడా ఆగిపోయింది. రాష్ట్రం వచ్చిన తర్వాతే, భర్తకు బదిలీ అయి, టీచర్ వాళ్లు రాజమండ్రి వెళ్లారు.

మా ఇంటి స్థలంలో ఇప్పుడు అయిదంతస్తుల అపార్టుమెంటు ఉంది. దాని పైకప్పు మీద నీళ్ల ట్యాంకుల మధ్య మనిషి తిరగడానికే చోటు లేదు. పండ్ల మార్కెట్టు ఊరు దాటిపోయింది. మొన్న టీచర్‌కు ఫోన్ చేశాను. మోకాలి నొప్పికి దవాఖానకు వెళ్లొచ్చానన్నారు. నేను కంగారుపడితే, “గంత పరేషాన్ కాకు,” అన్నారు. అక్కడి వాళ్లు ఆమెను ఇప్పటికీ తెలంగాణా ఆవిడ అనే అంటారట.