బొట్టుకు వదిలిన చోటు

మా బస్సుకు మైనం పాలిష్ పెట్టే పని నాది. ఇంకొకరు గుడ్డ పట్టుకుంటే నాకు ఒళ్ళు మండేది. బావ, అంటే మా అక్క మొగుడు, బస్సు నడిపేవాడు. నేను టికెట్లు ఇచ్చేవాణ్ణి. కలాసిపాళ్యం నుంచి కె.ఆర్.పురం మీదుగా హొసకోటె దాకా పోయి వచ్చేవాళ్ళం. ఊళ్ళో నా వంతుకు వచ్చిన చేను అమ్మి ఆ బస్సు ఖరీదులో సగం పెట్టాను. కాగితాలన్నీ బావ పేరు మీదే ఉండేవి. సొంత అక్క మొగుణ్ణి కాగితం రాసిమ్మని అడుగుతామా? అడిగితే నలుగురూ మొహాన ఉమ్మేయరూ?

యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క, బస్సు వెనక బొగ్గు బాయిలరు తగిలించుకుని, దాని గ్యాసుతోనే తిప్పాం. ఆ మసికి బస్సు రంగే మారిపోయింది. యుద్ధం ముగిసి మళ్ళీ పెట్రోలు కళ్ళబడ్డాక బాయిలరు ఊడబీకి పారేశాం. ఆ ఏడు దసరాకు ముందు బావ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమప్పా, ఈ తూరి ఆయుధపూజకు మన బండి పెండ్లికూతురు మాదిరి ఉండాల. కోలారు దాకా రూటు అడగతా ఉండాను. పెద్దమనుషులు వచ్చి చూస్తారు."

మన బండి అన్నాడు. ఆ ఒక్క మాటకే నేను పొంగిపోయాను.

ముందు మసినంతా కడిగాను. సన్నని సుద్దపొడిని నూనెలో కలిపి, పాత రంగు పైన మురికి పొర పోయేదాకా రుద్దాను. తేనెమైనాన్ని వేన్నీళ్ళలో పెట్టిన గిన్నెలో కరిగించి, పొయ్యికి దూరంగా తెచ్చి టర్పెంటైన్ కలిపాను. పొయ్యి దగ్గర కలిపితే మనిషే అంటుకుపోతాడు. నీడలోనే పూయాలి, పల్చగా పూయాలి, ఆరి మబ్బుగా అయ్యాక పాత పంచెగుడ్డతో తోమాలి. మైనం సమంగా పట్టిందా లేదా అని రేకు మీద నోటితో ఊదేవాణ్ణి. ఆవిరి అంతటా ఒకేసారి ఆరిపోతే సరే. ఎక్కడైనా మచ్చగా నిలిచిందా, మళ్ళీ మొదటికి వచ్చేవాణ్ణి. నా వేళ్ళ చర్మం లేచిపోయింది. అయినా రేకులో నా మొహం కనబడితే, అబ్బ, ఏం సంతోషమో!

మధ్యాహ్నం అక్క షెడ్డుకే అన్నం తెచ్చేది. ఒకరోజు నా చేతులు పట్టుకుని చూసింది.

"సాల్లేరా. అంత తోమొద్దు. చేతులు చూడు ఎట్లుండాయో."

"నీ మొగుడు కోలారు దాకా పోతాడు కదక్కా! ముందు సీట్లో మహారాణి మాదిరి కూర్చోని పోదువులే," అని ఏడిపించాను.

అక్క నవ్వలేదు. ఇంకొంచెం చారు పోసి, గిన్నెలు సర్దుకుని వెళ్ళిపోయింది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

చివరిగా బొట్టు చోటు వదిలాను. తాజా మైనం మీద తడి పసుపు నిలవదు, జారిపోతుంది. మేము బస్సు కొన్న ఏడు అట్లాగే జారితే, అపశకునమని ఆడవాళ్ళు ఒకటే గోల. అప్పటినుంచి బానెట్ ముందు అరచేతి మేర మైనం తగలనిచ్చేవాణ్ణి కాదు. ప్రతి ఏడూ అక్కడ పసుపు రాసి బొట్టు పెట్టేది కూడా నేనే.

పూజనాడు బంతిపూల దండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. పట్టు అంగవస్త్రం వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. రూటు ఇప్పించేవాడేమోనని పరుగెత్తి నేనే కుర్చీ తెచ్చి వేశాను. నా తలకాయ!

పూజారి సంకల్పం మొదలుపెట్టాడు. బండి ఎవరిదైతే వాళ్ళ గోత్రం చదవాలి కదా. ఎప్పుడూ ముందు బావ గోత్రం, తర్వాత నాది. ఆ రోజు ఆయన నోట భారద్వాజ గోత్రం వచ్చింది. పాపం, మరిచిపోయాడనుకుని నేను అందరిలో గట్టిగా అడ్డుపడ్డాను.

"సామీ, తప్పు చదివినారు! మా బావది కాశ్యప గోత్రం. నాది కౌండిన్య. భారద్వాజ ఎవురిది?"

పూజారి బావ వైపు చూశాడు. బావ నిమ్మకాయల వైపు చూశాడు. కుర్చీలో పెద్దమనిషి లేచాడు.

"నాదేనప్పా. బండి కొన్నోణ్ణి నేనే కదా, నీకు చెప్పలేదా?" ఆయన గొంతులో వెటకారం లేదు. "వేరే బండి ఒకటి మాట్లాడుకోని ఉంటిని. మొన్న షెడ్డులో ఇది చూస్తే అద్దం మాదిరి మెరస్తా ఉండాది. ఆ పాలిష్ చూసే మనసు పడినాను."

నా బస్సును నా చేతులతోనే అమ్మించాడు! వెళ్ళి బావ చొక్కా పట్టుకున్నాను.

"నా చేను ఏమాయె బావా? నా సగం ఏమాయె?"

"ఇంటికి పోయి మాట్లాడుకుందామప్పా. ముందు పూజ కానీ."

పూజ కానీ అట! ఛీ, అదేం మనిషి పుట్టుక! నలుగురూ కలిసి నన్ను పక్కకు లాగారు. కొత్త యజమాని పసుపు రాసి, వేలికి కుంకుమ అద్దుకుని, సరిగ్గా నేను వదిలిన చోటే బొట్టు పెట్టాడు. అది చక్కగా నిలిచింది.

హారతి పళ్ళెం పట్టుకుని అక్క ఆడవాళ్ళ మధ్య నిలబడి ఉంది. ఈ లోకంలో నాకు మిగిలింది ఆమే అనుకుని ఆమె దగ్గరికి పోయాను.

"అక్కా, చూడక్కా! బావ నాకు పంగనామం పెట్టినాడు."

అక్క అయ్యో అనలేదు. ఎప్పుడు అమ్మినాడని అడగలేదు. పొక్కులు కట్టిన నా చేతులనే చూస్తూ, మెల్లిగా అంది:

"నేను చెప్తానే ఉంటిని కదరా, అంత తోమొద్దని."