మా మేనత్త కొట్టం మొదటి గుంజ

నా చిన్నప్పుడు మా ఇంట్ల కోపం మా నాయిన ఒక్కనికే ఉండె. ఇంకెవరికీ ఉండొద్దు. ఆయన కంచం విసిరికొడితే అది కోపం. అమ్మ ఒక్క మాట ఎదురంటే అది పొగరు. మా మేనత్త మాట్లాడకుండ కూసుంటే అది అలుగుడు. నేను ఏడిస్తే మొండితనం. ఇప్పుడు నాకు ఎనభై దాటినయి, పొద్దున మాపున బీపీ గోలీలు మింగుతున్న, డాక్టరేమో కోపం జర తగ్గించుకో అమ్మా అంటడు. ఎందుకు తగ్గించుకోవాలె? అది ఉత్తగ వచ్చిన కోపం కాదు. ఒక మనిషి దగ్గర నేర్చుకున్న.

మాది తాండూరుకు దగ్గర పల్లె. నల్లరేగడి భూములు, కంది పంట. పోలీస్ యాక్షన్ గడబిడ సద్దుమణిగి కొన్నేండ్లయింది. మా మేనత్త, అంటే మా నాయిన చెల్లె, ఆమెను కన్నడం మాట్లాడే దిక్కు ఇచ్చిన్రు. పెండ్లయిన కొన్నాళ్ళకే మొగడు జ్వరమొచ్చి పోయిండు. పిల్లలు లేరు. అత్తగారోళ్ళు ఏడాది తిరగకముందే పుట్టింటికి తోలిన్రు. మా తాతయ్య బతికున్నన్ని రోజులు ఆమెకు ఏ లోటూ రానియ్యలే. పోయే ముందు నలుగురిని పిలిచి, బాట పక్కన ఉన్న భూమి తుకడ నా బిడ్డది, ఈ రెండు బర్లు కూడ ఆమెవే అని నోటితోని చెప్పి పోయిండు.

తాతయ్య పోయినంక మా నాయిన ఆ మాట విననట్టే చేసిండు. చెల్లె ఇంట్లనే ఉన్నది కదా, తినబెడుతున్న కదా, వేరే తుకడ ఎందుకు అన్నడు. తినబెడుతున్నడట! పొద్దుగూకులు ఆమె చేతులు ఆగుతుండెనా? పెండ తీసుడు, బర్లను పిండుడు, జొన్నలు విసురుడు, అందరికీ రొట్టెలు కొట్టుడు. అందరు తిన్నంక మిగిలింది తినుడు. ఆమె బర్ల పాలు మా కుండలకు పోతుండె. పండుగకు ఒక చీర తెచ్చి పడేసి, చూసినవా ఎంత మంచిగ అరుసుకుంటున్ననో అని ఊరంత చెప్పుకునేటోడు మా నాయిన. తండ్రిని ఇట్ల అనొచ్చునా అని ఎవరన్న అంటే అననీ. నేను చూసిందే చెప్తున్న.

మా దిక్కు ఒక పద్ధతి ఉండె. ఎవరి కొట్టం నిలబడి, ఎవరి పశువులు కట్టేసి ఉంటే ఆ జాగ వాళ్ళది. కాయితం ఉన్నా లేకున్నా, కొట్టం ఉన్న జాగల ఇంకొకడు నాగలి పెట్టడు. మా అత్తకు అది తెలుసు. ఆ తుకడల కొట్టం లేస్తే బర్లను అక్కడ కట్టేసుకొని, ఒక మూలకు తడక అడ్డం పెట్టుకొని, పాలమ్ముకొని తన బతుకు తను బతుకుతది. లేవకుంటే వానలు పడంగనే అన్న దాన్ని తన చేనుల కలిపి దున్నేస్తడు, తను చచ్చేదాకా మా వంటింట్ల పొయ్యి ఊదుతది. అందుకే ఆ ఎండకాలం ఆమె కొట్టం పట్టుకున్నది. పట్టుకున్నదంటే పట్టుకున్నది, ఇంకో ముచ్చట లేదు.

నేను ఆమె వెనుకనే తిరుగుతుంటి. తుకడ గట్టు మీద ఉన్న తుమ్మ చెట్లను వడ్లాయనతోని, అదే వడ్రంగితోని, కొట్టించింది. దూలం కూసునేటందుకు పైన పంగలు ఉంచి, కింది కొసలను చెదలు పట్టకుండ మంటల నల్లగ కాల్చింది. గోడలకు తడకలు అల్లుదామని కంది కట్టె కుప్పేసింది. బండల గనుల కాడ పారేసిన ముక్కలను గంపల నెత్తిన పెట్టుకొని తెచ్చింది, చిన్న గంప నాకు. రేగడి నేల సంగతి తెలిసినోళ్ళకు తెలుసు. ఎండకాలం చెయ్యి పట్టేంత పర్రెలు పడుతది, వాన పడితే ఉబ్బి గుంజను నెట్టేస్తది. అందుకని ఆమె మొరం తగిలేదాక గడ్డపారతోని తవ్వి, అడుగున బండ పరిచి, చుట్టూ రాళ్ళతోని బిగించాలన్నది. చేతులు బొబ్బలు పోయినయి. గుడ్డ చుట్టుకొని మళ్ళ తవ్వింది. మా నాయిన బాట మీద నిలబడి నవ్వుతుండె. తవ్వనియ్ తవ్వనియ్, ఒంట్ల కొవ్వు కరుగుతది అంటుండె.

ఎందుకు నవ్విండో నాకు తరువాత తెలిసింది. కొట్టానికి గానీ ఇంటికి గానీ మొదటి గుంజ నిలబెట్టుడు ఒక శుభకార్యం. గుంతల నవధాన్యాలు పోస్తరు, గుంజకు పసుపు రాసి కుంకుమ పెడతరు. ఇంటి మగమనిషి చెయ్యి పట్టాలె, ముత్తైదువ పసుపు పెట్టాలె. అట్ల నిలబెట్టిన గుంజను శత్రువు కూడ పీకడు, అది వంశానికి తగులుతదని భయం. కానీ మొగడు పోయిన ఆడది పసుపు ముట్టొద్దు కదా. కాబట్టి అన్న చెయ్యి పెట్టకుంటే ఆ కొట్టానికి మొదటి గుంజే లేదు. ఆయన ధీమా అది.

మా అత్త పోయి అడిగింది. అన్నా, నాయిన ఇచ్చిన జాగ, నువ్వొచ్చి చెయ్యి పెట్టు అన్నది. పెట్టను పో అన్నడు. పెద్దమనుషుల దగ్గరకు పోయింది. తాతయ్య మాట చెవులార విన్న మనుషులే వాళ్ళు. అన్నాచెల్లెండ్ల ముచ్చట, మేమెందుకు నడుమల అని బీడీలు ముట్టించుకున్నరు. వడ్లాయన నేల చూపులు చూసి, మీ అన్న పటేలు రాకుంటే నేను నిలబెట్టనమ్మా అన్నడు. థూ, ఒక్కని నోట్ల నుంచి తాతయ్య చెప్పిన మాట రాలే!

అప్పుడు మా అత్త తనే గుంజ ఎత్తింది. ఎవరినీ పిలవలే. పసుపు లేదు, కుంకుమ లేదు. నేనొక దిక్కు తాడు పట్టుకుంటే ఆమె గుంజను గుంతలకు దించి, రాళ్ళు కొట్టి నిలబెట్టింది. నిలబెట్టి దాన్ని ఊపి చూసింది, అది కదల్లే. నా జాగల నా గుంజకు నా చెయ్యి చాలదా అనుకున్నది పాపం. నీళ్ళు తాగి కూసున్నదో లేదో మా నాయిన ఇద్దరు జీతగాండ్లను ఏసుకొని వచ్చిండు. వచ్చుడు వచ్చుడే గుంజను అటూ ఇటూ గుంజి పీకించిండు.

"ముండమోసిన దాని చేతి గుంజ ఒక గుంజనా?" అన్నడు, బాట మీద మంది ఆగి చూస్తుండంగ. "వాన పడ్డ తెల్లారి నాగలి కడత. ఏమన్న ఉంటే ఇంట్లకొచ్చి మాట్లాడు."

సొంత చెల్లెను ఆ మాట అన్నడు. పీకిన గుంజను బాట మీదికి దొర్లించి పోయిన్రు. చూసేటోళ్ళు చూసి పోయిన్రు. మా అత్తకు కోపమొస్తే కన్నడం వస్తుండె. ఆయన వెనుక నుంచి "హోగో!" అని ఒక్క కేక పెట్టింది. పోరా అని. తరువాత గుంత గట్టు మీద కూసొని ఆ నేలను అట్లనే చూస్తుండె. నేను భయపడి ఆమె కొంగు పట్టుకున్న. ఏడుస్తదేమో అనుకున్న, ఏడ్వలే. పళ్ళు కొరుకుతుండె.

తెల్లారితే శుక్రవారమనంగ మాపటికి తొలి వాన పడ్డది. తెల్లారి ఇంకా ఎవరూ పొలాలకు పోలేదు, అమ్మ నన్ను లేపి తలస్నానం చేయించింది. ఏం పండుగనే అంటే నోరు మూసుకొమ్మన్నది. పెట్టెల నుంచి నా పట్టు లంగా తీసింది. జడ వేసి, పెద్ద బొట్టు పెట్టి, చేతుల పసుపు గిన్నె పెట్టి, మీ అత్త ఎట్ల చెప్తే అట్ల చెయ్యి పో అన్నది. మొగని మాట జవదాటని మా అమ్మ! వాకిట్ల మా అత్త నిలబడి ఉండె. ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నరు.

రాత్రే మా అత్త దొర్లించుకొచ్చినట్టుంది, గుంజ మళ్ళ గుంత కాడ ఉండె. మా అత్త దూరంగ నిలబడి, చెయ్యి ఆనకుండ, నోటితోనే చెప్పింది. నేను గుంతల ధాన్యం పోసిన. గుంజకు కింది నుంచి నా చెయ్యి అందినంత దాక పసుపు రాసిన, కుంకుమ బొట్లు పెట్టిన, అగరుబత్తి ముట్టించిన. అప్పుడు ఆమె తాడు గుంజి లేపింది, నేను రెండు చేతులతోని గుంజను పట్టుకున్న. పెద్దది, బరువు. రాళ్ళు కొట్టి బిగించినంక కూడ వదలకు, పట్టుకొనే ఉండు అన్నది.

మా నాయిన ఎడ్లను తోలుకొని రానే వచ్చిండు. వెనుక జీతగాండ్లు, బాట మీద మంది. గుంజ కనబడంగనే ఆయన ముఖం ఎర్రబడ్డది. నాగలి ఇడిసి, అంగలేసుకుంట వచ్చి గుంజ మీద చెయ్యేసిండు. చెయ్యికి పసుపు అంటింది. అప్పుడు చూసిండు నన్ను.

ఎవరు పెట్టిన్రు అన్నడు. నేను పెట్టిన నాయినా అన్న. ఆయన చెయ్యి గుంజ మీదనే ఉన్నది. తీయనూ లేదు, పీకనూ లేదు. పెద్దమనుషులల్ల ఒకాయన, మొన్న బీడీ ముట్టించుకున్నాయనే, బాట మీద నుంచి అరిచిండు. "పెండ్లికాని ఆడబిడ్డ పసుపు పెట్టిన గుంజ కూడ శుభమే పటేలా! పీకితే నీ బిడ్డ బతుకుకు తగులుతది, జర సోచాయించు" అన్నడు. నోరు ఇప్పుడు లేచింది ఆయనకు! మా నాయిన నా దిక్కు చూసిండు, తన చెల్లె దిక్కు చూసిండు. చెయ్యి ధోతికి తుడుచుకొని, ఎడ్లను మలుపుకొని పోయిండు. మళ్ళ ఆ తుకడల నాగలి పెట్టలే.

నాకు ఎంత సంబురమో! గెలిచినమనుకున్న. మా అత్త కాళ్ళకు చుట్టుకొని, అత్తమ్మా నా చెయ్యి మంచిది కదా, నా పసుపుతోనే కదా నాయిన పోయిండు అని ఎగిరిన. ముద్దు పెట్టుకుంటదనుకున్న. ఆమె నా రెండు భుజాలు పట్టి ఊపింది. అంత కోపం ఆమె ముఖంల నేను ముందు ఎన్నడూ చూడలే, గుంజ పీకిన నాడు కూడ.

"ఏం మంచిది? మా నాయిన ఇచ్చిండని చెప్తే ఆగిండా నీ నాయిన? నా జాగ అని మొత్తుకుంటే ఆగిండా? గీ రెండు చేతులు పుండ్లు పడంగ తవ్వితే ఆగిండా? నీ పసుపుకు ఆగిండు. రేపు నువ్వు పెద్దగయ్యి, నీకు నా లెక్కనే అయిందనుకో, నీ చెయ్యి కూడ గింతే. గప్పుడు ఎవరి పిల్ల చెయ్యి అడుక్కుంటవు? సంబురపడకు బిడ్డా. కోపం తెచ్చుకో!"

అని అక్కడనే కూలబడి ఏడ్చింది. గుంజ పీకినప్పుడు ఏడ్వని మనిషి, గుంజ నిలబడ్డంక ఏడ్చింది. అప్పుడు నాకు సగమే అర్థమయింది. నా లంగాకు ఆమె చేతుల మట్టి అంటింది, అమ్మ తిడతదేమోనని ఫికరు పడ్డ.

ఇంక మిగిలింది చెప్పాల్నంటేనే ఒళ్ళు మండుతది. మొదటి గుంజ నిలబడ్డదని తెలవంగనే వడ్లాయన ఉలి పట్టుకొని వచ్చిండు. కప్పు వేసేనాడు అడగకముందే ఊరోళ్ళు బోద గడ్డి మోపులు ఎత్తుకొని వచ్చిన్రు. మిగిలిన గుంజలన్నీ మా అత్త తన చేతులతోనే పట్టింది, తనే రాళ్ళు కొట్టింది. ఒక్కడన్న వద్దన్నడా? అనలే. మొదటిదానికే అపశకునమట, తరువాత ఎంత చాకిరీ అయినా చేయొచ్చునట. పెట్టిన రొట్టెలు, పప్పు సిగ్గు లేకుండ తిని, కొట్టం మస్తు కుదిరిందమ్మా అని పోయిన్రు. ఆమె అందరికీ వడ్డించింది, ఒక్కని ముఖం కూడ చూడలే.

ఆ కొట్టంలనే ఆమె బతికింది. తాండూరు హోటళ్ళకు పాలు పంపింది, మా నాయినకు కూడ కొలిచే పోసింది. మా వంటింట్లకు మళ్ళ అడుగు పెట్టలే. నేను పోయినప్పుడల్ల మీగడ పెట్టేది. ఆ రోజు ముచ్చట మాత్రం మళ్ళ ఎత్తలే, నేనూ ఎత్తలే.

నాకు పెండ్లయింది, వికారాబాదు వచ్చిన. నా పెనిమిటి ఉన్నన్ని రోజులు ఏ ఇంట్ల ముగ్గు పోసినా, ఏ పెండ్లి పందిరి గుంజ నిలబెట్టినా, మీ చెయ్యి మంచిది రమ్మని పిలిచేటోళ్ళు. ఆయన పోయినంక పిలుపులు బందైనయి. చెయ్యి అదే, వేళ్ళు అవే. మా కొడుకు ఇల్లు మొదలుపెట్టిన నాడు, జాగ నా పేరు మీదనే ఉన్నది, పంతులు కొబ్బరికాయ చేతిల పట్టుకొని, అమ్మా జర పక్కకు జరుగుండ్రి, మీ కోడలు రావాలె అన్నడు. మంది ఉన్నరు, చుట్టాలున్నరు. మా కొడుకు నేల చూసిండు. నాకు మా అత్త ఊపిన భుజాలు నొప్పి పెట్టినట్టయింది. నేను జరగలే. జాగ నాది, ముందు నా మాట వినుండ్రి, తరువాత ఎవరి చెయ్యి కావాల్నో చూసుకుందురు అన్న. కోడలు వచ్చి నా పక్కన కూసున్నది, ఇద్దరం కలిసి మొదటి గుంజకు పసుపు పెట్టినం. కొందరు ముఖాలు మాడ్చుకున్నరు. మాడ్చుకోనీ.

చెయ్యి మంచిదని పిలిచేటోళ్ళు పిలువకుంటే పీడా పోయె. నేనింక ఎవరి పసుపుకూ చెయ్యి ఇయ్య, ఎవరి పిల్ల చెయ్యీ అడుక్కోను. నా మాట చెల్లకుండ నా జాగల మాత్రం ఎవ్వరినీ గుంజ పాతనియ్య.