నేనేనండీ, అయ్యగారూ

తల్లి గర్భంలోనే మన నరనరానికీ దారి గీసి, ఆ దారి తప్పినచోట సరిచేసే చేతులను కూడా మనకిచ్చిన తండ్రికి ముందుగా నా నోరారా స్తోత్రం.

మొన్నామధ్య రేపల్లెలో మా మనవడు కోడికూర తిన్న కాసేపటికి వాళ్ళమ్మ చేతిని రక్తం కారేలా కొరికి, కంచం విసిరి అద్దం పగలగొట్టాడు. దయ్యం పట్టింది, కట్టేసి ప్రార్థనకు తీసుకెళ్దామని పక్కింటివాళ్ళు తాడు తెచ్చారట. అమ్మాయి ఫోన్లో ఏడుస్తుంటే, "ముందా తాడు అవతల పారెయ్యవే. ప్రార్థన నేను చేస్తాలే, నువ్వు వాణ్ణి తెనాలి డాక్టరు దగ్గరికి తీసుకుపో" అన్నాను.

తాడన్న మాటకే నా మనసు బాపట్లలో మా పాత ఇంటి వసారాలోకి వెళ్ళిపోయింది. ప్రార్థన గుడిలో కోత పండుగ భోజనాలు మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. ఆ రోజు మాంసం తిని ఇంటికొచ్చిన మా తమ్ముడు అమ్మ నుదురు చిట్లేలా చెంబు విసిరాడు. నాన్న వాణ్ణి స్తంభానికి కట్టేస్తే, ఊరూరా తిరిగి దయ్యాలు వెళ్ళగొట్టే ఒక పెద్దాయన చింతబరికె తీసి, "నువ్వెవరు? పేరు చెప్పు" అంటూ బాదాడు.

"నేనేనండీ అయ్యగారూ, చిన్నోణ్ణండీ" అన్నాడు తమ్ముడు.

దయ్యం అబద్ధమాడుతోందని ఇంకా కొట్టారు. బరికె విరిగితే మరొకటి తెచ్చారు. వీపు చిట్లి చొక్కా అంటుకుపోయింది. వాడి కేక వినబడకుండా పెద్దలు కీర్తన గొంతెత్తి పాడారు. ఆ వానాకాలం దాటకుండానే వాడు పోయాడు.

మనవణ్ణి తెనాలి నుంచి హైదరాబాదు పంపితే నేనూ వెంట వెళ్ళాను. పేగుల నుంచి వచ్చే రక్తం కాలేయంలో శుభ్రపడాలట. వీడికి పుట్టుకతోనే ఒక అడ్డదారి నాళం ఉండి, ఆ మలినం తిన్నగా మెదడుకెక్కుతోందట, మాంసం తిన్నరోజు మరీనట. పొట్ట కోయలేదు. మెడలోని నరం గుండా సన్నని గొట్టం పంపి, చిన్న బిరడా లాంటిది పెట్టి ఆ దారి మూసేశారు.

మెలకువ రాగానే డాక్టరమ్మ వంగి, "నువ్వెవరు నాన్నా? పేరేంటి?" అంది. నేను గబుక్కున మంచం దగ్గరికి జరిగాను.

"నేనేనండీ" అన్నాడు వాడు, నిద్ర చెడగొట్టారన్న చిరాకుతో.

"సరే, నువ్వే" అని ఆవిడ నవ్వింది.

తమ్ముడిదీ ఇదే జబ్బో కాదో చెప్పేవాళ్ళు ఇప్పుడు లేరు. వాడూ నిజమే చెప్పాడు, అంతే నాకు తెలుసు. ఒక్క నిమిషం నాతోపాటు కళ్ళు మూసుకోండి: ప్రభువా, నేనేనండీ అని ఏడ్చే బిడ్డను నమ్మే మనసు మా పెద్దవాళ్ళకు ఇవ్వు. ఆమేన్.